తెలియదని చెప్పడానికి ఉద్దానం వెళ్ళాం

మూత్రపిండాల జబ్బు మీద మా పరిశోధన కోసం ఉద్దానం ఊళ్ళవాళ్ళు రక్తం, మూత్రం నమూనాలు ఇచ్చారు. వాటిలో మేం చూసినదేదో మొదట వాళ్ళకే చెప్పాలని నేనూ, నాతోపాటు పీహెచ్‌డీ చేస్తున్న సునీతా అనుకున్నాం. ఈ ప్రయాణం అలా మొదలైంది.

విశాఖలో తెల్లవారుజామున రైలెక్కితే ఎండ ముదరకముందే పలాసలో దిగవచ్చు. కాశీబుగ్గలో ఇడ్లీలు తిని, మైక్రోస్కోపు పెట్టె ఒళ్ళో పెట్టుకుని వజ్రపుకొత్తూరు వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాం. ఛార్జీ తక్కువే గాని, జనం నిండితేనే బండి కదులుతుంది. జీడితోటలు దాటుతుండగా డ్రైవరు అడిగాడు.

"పెట్టెలో ఏటండీ, మందులా?"

"కాదండీ, మైక్రోస్కోపు."

"మందులైతే బాగున్ను" అన్నాడు.

సముద్రం ఒడ్డున, వలలు ఆరేసిన రేకుల షెడ్డులో జనం మాకోసం కూర్చున్నారు. రక్తపరీక్షలో తేడా రాకముందే కొందరి మూత్రపిండాల్లో కణాలు దెబ్బతింటున్న గుర్తులు మాకు మూత్రంలో కనిపించాయని చెప్పాను. ముందు కూర్చున్న పోలమ్మ లేచింది. ఆమె భర్త రామారావు చేపల వేట మానేసి డయాలసిస్ మీద బతుకుతున్నాడు.

"ఎందుకొత్తందో తెలిసిందా తల్లీ?"

"ఇంకా తెలియలేదమ్మా."

"తెల్దని సెప్పడానికి ఇంత దూరం వొచ్చినారా?"

"అవునమ్మా, అదీ చెప్పాలనే వచ్చాం" అంది సునీత.

సభ ముగిసి జనం లేచాక రామారావు నెమ్మదిగా వచ్చి బల్ల మీది మైక్రోస్కోపుకి కన్ను ఆనించాడు. ముందు ఆరోగ్యంగా ఉన్న కణాలు చూపించాను, తర్వాత దెబ్బతిన్నవి. రెండూ మార్చి మార్చి చూశాడు. తల ఎత్తి భార్య వైపు తిరిగాడు.

"ఓలమ్మీ, కాళ్ళు వాసీదాకా నాకేటీ తెల్లేదు. నువ్వు పరీచ్చకెల్లు."

ఇన్నాళ్ళూ ఎవరెంత చెప్పినా ఆమె పరీక్ష చేయించుకోలేదని అప్పుడే తెలిసింది మాకు.

"నాకూ ఉందని తేల్తే నిన్నెవులు సూత్తారు మావా?"

"అందుకే ఎల్లమంతన్నాను."

ఆ రాత్రి వాళ్ళింట్లోనే ఉన్నాం. పొద్దున్నే పోలమ్మ మాతో పలాస ఆసుపత్రికి వచ్చింది. రక్తం తీస్తున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు. మేం విశాఖ వచ్చేశాక రామారావు ఫోన్ చేశాడు. ఆమెకూ జబ్బు మొదలైంది, డాక్టరు మందులు రాశారు. "ముందరే తెలిసింది గదమ్మా" అన్నాడు.

సెమినార్లలో నన్ను చాలామంది ప్రశ్నలు అడిగారు. జవాబు కోసం ఊపిరి బిగబట్టి చూసినవాళ్ళను మాత్రం ఆ షెడ్డులోనే చూశాను. తెలియదన్న మాట అంత బరువుగా ఉంటుందని నాకు అక్కడే తెలిసింది.

మీ పరిశోధన గురించి చెప్పడానికి ఇలాంటి ఊళ్ళకు వెళ్ళేవాళ్ళకు ఒక మాట: అదే సాయంత్రం తిరుగు రైలుకి టికెట్ తీసుకోకండి. అసలు మాటలు సభ ముగిశాకే మొదలవుతాయి.