నాలుగో దెబ్బ

సోమవారం ఉదయం బయోమెడికల్ ల్యాబ్ తాళం తీస్తుంటే మండపేట నుంచి ఫోను. మాస్టారి అబ్బాయి. "నాన్నగారు తెల్లారగట్ల పోయారండి. గుండె ఆగిపోయిందన్నారు." నేను ఇంజనీరింగ్ చదివింది ఆయన దగ్గరే. ఆయన రిటైరయ్యాక ఆ ల్యాబ్‌లోనే, ఆయన కుర్చీలోనే కూర్చుని పాఠం చెబుతున్నాను.

మొదటి రోజు ఆయన ఏ మిషనూ ఆన్ చేసేవారు కాదు. పక్కవాళ్ల మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టమనేవారు. మేం కిసుక్కుమంటే, "నవ్వండి, నవ్వండి. నవ్వితే ఎంత పెరిగిందో అదీ రాయండి" అనేవారు. మమ్మల్ని కూడా అండీ అనే మనిషి. తర్వాత్తర్వాత ఈసీజీ తీసేటప్పుడు చేతికంటిన జెల్ తుడుచుకోవడానికి జేబులోంచి దూది తీసి ఇచ్చేవారు.

ఈసీజీ మిషను కొత్తగా వచ్చినప్పుడు పడుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదట. ఆయనే చొక్కా విప్పి బల్లెక్కారు. ఆ గ్రాఫు నమూనాగా గోడకెక్కింది. అందులో గుండె కొట్టుకునే నాలుగో దెబ్బ తొందరపడి ముందే పడుతుంది, తర్వాత కాస్త ఖాళీ. బద్ధకం కొద్దీ నేను దాన్నే నా ప్రాక్టికల్స్ రికార్డులోకి దించేశాను. ఆయన చూసి అరవలేదు.

"ఏమండీ, ఇది నా గుండె కదండీ. మీది ఎక్కడ పెట్టారు?"

సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పొచ్చినా మీదే రాయండి. రేపు ఆసుపత్రిలో ఒకరి గ్రాఫు ఇంకొకరికి ఇస్తారా ఏంటి?" అని మళ్లీ తీయించారు. ఇవాళ నాకేమైనా వచ్చిందంటే అది ఆ రోజు నేర్చుకున్నదే.

మరి నేనేం చేశాను? ఈ ఏడాది మిషను పాడైంది. బాగుచేయించమని అడిగి అడిగి నా నోరు నొప్పెట్టింది. ప్రాక్టికల్స్ నెత్తిమీదికొచ్చాయి. "గోడ మీద గ్రాఫు చూసి వేసెయ్యండర్రా" అన్నాను, నా నోటితోనే.

ఆ సోమవారం మధ్యాహ్నానికి నా బల్ల మీద నలభై రికార్డులు. "సాయంత్రంలోగా సంతకాలైపోవాలమ్మా, రేపు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తున్నారు" అని మా హెచ్‌ఓడీ గారు గుమ్మంలోంచే చెప్పి వెళ్లిపోయారు. మండపేట వెళ్లడానికి సెలవు కూడా ఇవ్వలేదు. సంతకం పెట్టకపోతే నా మాట విన్న పిల్లలు ఫెయిలవుతారు. పెడితే ఆయన శిష్యురాలినని ఏ మొహంతో చెప్పుకోను?

చివరికి పెట్టాను, ఒక్కొక్కటే తెరిచి. ప్రతి రికార్డులోనూ మాస్టారి గుండె కొట్టుకుంటూనే ఉంది. నాలుగో దెబ్బ ముందే పడి, కాస్త ఆగి, మళ్లీ మొదలవుతోంది. దాని కింద నా సంతకం.