గాలిని 0.3తో గుణించిన రోజులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదనుకునేవాణ్ణి. సౌదీలో, ఎర్రసముద్రం ఒడ్డున, రాబిగ్‌కు దగ్గర్లోని ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ, కొత్తగా చేరిన పిల్లలకు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ చెప్పేవాణ్ణి. వాళ్లంతా లెక్కల్లో పులులు. తుఫాన్లను కంప్యూటర్లో ఆడించగలరు. ప్రోగ్రాం మాత్రం తాము తప్ప ఎవరూ చదవకూడదన్నట్టు రాస్తారు. (నేనూ అంతే. ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు.) అందుకని నలుగురేసి జట్లు కట్టి, వేరేవాళ్ల ప్రోగ్రాములను బాగుచెయ్యమని ప్రాజెక్టులిచ్చాను. నియమం ఒక్కటే: ఎందుకుందో రాసినవాడు చెప్పలేని లైను ఉండకూడదు. ఒక జట్టుకు ప్రోగ్రాం దొరక్కపోతే, గొప్పకు పోయి నా థీసిస్‌దే ఇచ్చేశాను. ఉప్పునీటిని మంచినీళ్లు చేసే ప్లాంటు వదిలే వేడినీళ్లు సముద్రంలో ఎటు పోతాయో లెక్కగట్టే ప్రోగ్రాం అది. రెండు వారాల్లో దాని మీదే నా డిఫెన్సు, అంటే పరీక్షకుల ముందు థీసిస్‌ను నిలబెట్టుకోవడం.

ఆ జట్టులో ఒక కరీంనగర్ అమ్మాయి ఉండేది. మేం ముద్దుగా ‘ఎందుకమ్మ’ అనేవాళ్లం. క్లాసులో నన్ను సార్ అనేది, బయట అన్నా అనేది.

“సార్, ఈడ గాలిని 0.3 తోని ఎందుకు గుణించిన్రు?”

అలా గుణిస్తే గ్రాఫు సముద్రంలో తీసిన కొలతలతో కలిసింది, అంతే. “అది అనుభవం మీద వచ్చే సంఖ్యమ్మా” అన్నాను గంభీరంగా.

మర్నాడు మెస్సులో పట్టుకుంది. “అన్నా, మధ్యాహ్నం సైకిల్ మీద ఉత్తరం దిక్కు క్లాసుకు పోతుంటే గాలి మొకానికే కొడ్తది గదా! నీ ప్రోగ్రాంల ఎనకకెల్లి ఎందుకు నూకుతున్నది?”

నోట్లో బిర్యానీ నోట్లోనే ఉండిపోయింది. వాతావరణ పట్టికలో ‘వాయవ్యం’ అని ఉంటే గాలి అటునుంచి వస్తోందని అర్థం. నేను అటు పోతోందని రాసుకున్నాను. తప్పుడు గాలి కనుక గ్రాఫు కుదరలేదు. కుదరలేదని దాన్ని 0.3కు తగ్గించి మూల కూర్చోబెట్టాను. మూడేళ్లుగా రోజూ ఎదురుగాలికి సైకిల్ తొక్కుతూనే!

చెబితే డిఫెన్సు వాయిదా. జుబైల్‌లో ఖాయమైన ఉద్యోగం కూడా చేజారొచ్చు. నిజం చెప్పొద్దూ, నోరు మూసుకుందామా అని ఒక సాయంత్రమంతా అనిపించింది. కానీ ఎందుకమ్మ తన రిపోర్టులో ఆ లైను పక్కన ‘కారణం తెలియదు’ అని రాస్తుంది. దానికి మార్కులు వేయాల్సింది నేనే.

మా గైడుగారిది తెనాలి వైపు. వెళ్లి ఉన్నదంతా చెబితే, విని కళ్లజోడు తీసేశారు. “ఏంటయ్యా, మూడేళ్ల నుంచీ గాలిని వెనక్కి తోలుతున్నావా? నేనూ సంతకాలు పెట్టేశానే! సర్లే, సరిచేసి పట్రా. సముద్రం ఎక్కడికీ పోదుగా.”

గాలిని తిప్పి, 0.3ను తీసేస్తే గ్రాఫు తనంతట తనే కుదిరింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. డిఫెన్సు రెండు నెలలు వెనక్కి జరిగింది, జుబైల్ వాళ్లు వేరొకర్ని తీసుకున్నారు, నేను పాఠాలు చెబుతూ ఇక్కడే ఉండిపోయాను. దానికి బాధేమీ లేదు.

డిఫెన్సు రోజున ఒక పరీక్షకుడు థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ చూసి, ఈ నలుగురూ ఎవరని అడిగారు. “నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ నేర్పిన పిల్లలండీ” అన్నాను. నేర్పిన, అని ఎంత ధీమాగా అన్నానో! అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.