అక్క గడ్డకు పేరు

మా అక్క భుజం వెనక నిమ్మకాయంత గడ్డ లేచినప్పుడు, డాక్టరు కంటే ముందు మా చుట్టాలే దానికి క్యాన్సర్ అని పేరు పెట్టేశారు. బొమ్మిడి ఊళ్లో ఉండే పిన్ని చూడవచ్చి వాకిట్లోనే ఏడుపు మొదలుపెట్టింది. అక్క అన్నం మానేసి, తన పట్టుచీరలు ఎవరెవరికి పోవాలో చెప్పసాగింది. నాకేమీ రాసివ్వలేదు.

ధర్మపురిలో గడ్డ కోసి తీశారు. నర్సమ్మ దాన్ని మందునీళ్ల డబ్బాలో వేసి, సేలంలోని ల్యాబుకు మమ్మల్నే తీసుకుపొమ్మంది. ముక్క మునిగే ఉండాలని, మామూలు నీళ్లు కలపకూడదని నాకు రెండుసార్లు చెప్పింది. నా ముఖం చూస్తే ఒకసారి చాలదనిపించి ఉంటుంది.

బస్టాండులో చూస్తే సంచి తడిసి ఉంది. మూత సరిగా పట్టక మందునీళ్లు సగానికి పైగా కారిపోయాయి. నాతో వచ్చిన బావ తన నీళ్లసీసా తీశాడు.

“కొంచెం పోస్తే ఏమైతాది రా? బస్సు కదల్తా ఉంది.”

“వద్దు బావా. నీళ్లు పోసి పెంచేదానికి ఇదేమన్నా సాంబారా?”

“ఐదో క్లాసులో నిలిచిపోయినోడు డాక్టరైపోయినాడే.”

“నువ్వు పది చదివి నీళ్లు పోస్తా ఉండావు గదా.”

బస్సు పోయింది. నేను ఆసుపత్రికి పరుగెత్తి, డబ్బా నింపించి, మూత బిగించుకొని వచ్చాను. బావ సేలం దాకా నాతో మాట్లాడలేదు. ప్రయాణం హాయిగా సాగింది.

ల్యాబు డాక్టరమ్మ డబ్బా ఎత్తి చూసి, బాగా తెచ్చారని తమిళంలో మెచ్చుకున్నారు. కొందరు నీళ్లలో వేసి తెస్తారట. ముక్క పాడైతే దానికి పేరు పెట్టడం తమ వల్ల కాదన్నారు. బావ సీసాను చంకలో దాచుకున్నాడు. సందు దొరికింది కదా అని, పేరు ఎట్లా పెడతారో అడిగాను. పలుచగా కోసి, మైక్రోస్కోపు కింద ముఖ్యంగా రెండు సంగతులు చూస్తారట: గడ్డ దేనిలో పుట్టింది, పుట్టిన చోటే ఉందా లేక పక్కకు చొరబడిందా. కొవ్వులో పుట్టి హద్దులో ఉండేది లైపోమా. కొవ్వులోనే పుట్టి చుట్టూ ఆక్రమించే క్యాన్సర్ రకం లైపోసార్కోమా. చేని గట్ల తగాదాలు చూసి పెరిగినవాణ్ణి, నాకు ఇంతకంటే చెప్పక్కరలేదు.

నాలుగు రోజులకు లైపోమా అని వచ్చింది. రిపోర్టు పట్టుకొని అక్క ముందు కూర్చున్నాను.

“వట్టి కొవ్వు గడ్డక్కా. గట్టు దాటలేదు.”

“నిజం చెప్పు రా. నీకు ఎప్పుడూ ఎగతాళే.”

నేను ఒట్టు పెట్టినా అక్క నమ్మలేదు. చివరికి బావ నోరు విప్పాడు.

“నిజమే మే. వీడు సరిగ్గా తెచ్చినందుకే పేరు తెలిసింది. నేనైతే ఆ పొద్దు నీళ్లు పోసుంటాను.”

అక్క లేచి కంచం తెచ్చుకుంది. బావ అన్న ఆ మాటను నేను ఇప్పటికీ ఊరంతా చెప్పుకుంటూ ఉంటాను, వీలైనంతవరకు ఆయన ఎదుటే.