షిఫ్ట్ అనే మాట

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. చదవడం వచ్చాక, షిఫ్ట్ అన్న మాటకు అర్థం చూడమని పంతులమ్మను అడిగాను. పెద్ద నిఘంటువు తెచ్చి చదివి చెప్పింది. ఆ మాట పుట్టినప్పుడు పంచడం అని అర్థమట. వాటాలు వేసి వేరు చేయడం. మార్చడం, జరపడం తర్వాత వచ్చాయట. వంతుల డ్యూటీ మరీ తర్వాతిది. ఎంత చక్కగా పెరిగిందో చూడండి, అంది. నాకు చక్కగా ఏమీ అనిపించలేదు.

తొంభైల చివర, మాదాపూర్ గుట్టలు పగలగొట్టి ఆఫీసు మేడలు లేపుతున్నప్పుడు, మేం కొండాపూర్ వైపు గుడిసె వేసుకుని రాయి కొట్టేవాళ్లం. షిఫ్ట్ అంటే మాకు డ్యూటీ, అంతే. వాచ్‌మన్లకు ఉండేది. షిఫ్ట్ ఉన్నవాడికి యూనిఫాం, కుర్చీ, నెల జీతం.

మా ఆయనకు అప్పటికే రాతి దుమ్ము ఛాతీలో చేరింది. సుత్తె ఎత్తితే దగ్గు. కూర్చుని చేసే పని దొరికితే మనిషి నిలబడతాడని నా ఆశ.

ఒకనాడు కాంట్రాక్టరు మనిషి జీపు దిగి అందరినీ పిలిచాడు. కోస్తా వైపు వాడు. ఇక్కడ రోడ్డు పడుతుందని చెప్పి, “సోమవారం మిమ్మల్నందరినీ షిఫ్ట్ చేస్తామండి,” అన్నాడు. చేస్తాం అన్నదాన్ని మేం వేస్తాం అని విన్నాం. పైగా అండి అన్నాడు.

సోమవారం పొద్దున మా ఆయన గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

“ఏందన్నా, పెండ్లికొడుకు లెక్క తయారైనవ్?” అంది పక్క గుడిసె వదిన.

“మీ ఆయనకు నైట్ షిఫ్టే పడ్తది చూడు. గురక పెట్టుడు వచ్చు గద,” అన్నాడు మా ఆయన.

బుల్డోజర్ వచ్చింది, వెనక లారీ. ఎవరమూ సామాను కట్టుకోలేదు. మా ఆయన, లారీ దిగిన కాంట్రాక్టరు మనిషికి ఎదురు వెళ్లి, తనది పగటి షిఫ్టా, రాత్రిదా అని అడిగాడు. ఆ మనిషికి అర్థం కాలేదు. లారీ ఎక్కమని చేయి చూపాడు. రేకులు నలిగిపోయాయి, బియ్యం మట్టిలో కలిసింది. చందానగర్ అవతల ఒట్టి రాళ్ల నేలలో దింపి వెళ్లిపోయారు. పని లేదు, దగ్గర్లో దవాఖాన లేదు. ప్లాస్టిక్ కవరు కిందే వానలు మొదలయ్యాయి. ఆయన ఇక లేవలేదు.

పోయే ముందు రోజు కూడా అడిగాడు. “పిలిచిన్రా?”

“పిలుస్తరు. జర పండుకో,” అన్నాను.