పాత బోరు లేచింది

పక్క చేనులోకి బోరు బండి వచ్చిన రోజు పొద్దున్నే నాకు భయం పట్టుకుంది. ఆర్మూర్ అవతల మాది రెండెకరాల పసుపు. దుంప ఊరే సమయం, ఇంకా మూడు తడులు కావాలి. నడిచే బోరు ఒక్కటే. గట్టు దగ్గర ఇంకోటి ఉంది గానీ, రెండేళ్ల కిందట ఎండిపోతే దాని నోటికి సంచి కట్టి బండ పెట్టేశాం. పక్కవాళ్లకు నీళ్లు పడ్డాయంటే మా బోరు పని అయిపోయినట్టే అనుకున్నాను.

మా అత్తకు నాకన్నా ఎక్కువ భయం.

"ఆళ్లకు పడేదాంక మోటర్ ఆపకు పిల్లా. ఎంతొస్తే గంత గుంజుకుందం" అంది. మోటర్ పెట్టేశాను.

మా ఆయన గల్ఫ్‌లో, రాతిని పగలగొట్టి నూనె తీసే బావుల దగ్గర పని చేస్తాడు. ఫోన్‌లో చెబితే నన్నే కసిరాడు.

"ముందుగాల మోటర్ బంద్ చెయ్యి. ఈడ కొత్త బాయి తెరుస్తున్నరంటే పక్కన పాతయన్ని మూసిపెడ్తరు. దీని జోరు రాతి సందులకెల్లి దాంట్లకు పోతది. బోరు బండి కొట్టే గాలి గూడ గంతే. ఒక్కోపాలి పాతది మట్టి నిండి ఖరాబైతది, ఒక్కోపాలి సచ్చిందనుకున్నదే లేస్తది."

నూనె బావికీ మా బోరుకీ ఏం సంబంధం, చెప్పొచ్చాడు పెద్ద ఇంజినీరు అనుకుని ఫోన్ పెట్టేశాను.

మధ్యాహ్నానికి మా పైపులో నీళ్లు సున్నంలా తెల్లగా వచ్చాయి. రాతిపొడి. నేను స్టార్టర్ దగ్గరికి ఉరికేలోపే మోటర్ మూలిగి పట్టేసింది. అంతలో గట్టు దగ్గర బుస్సుమని చప్పుడు. బండ పక్కకు దొర్లి, ఎండిన బోరులోంచి బురదనీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. అత్త చేయి పట్టుకుని మక్కచేను దాకా పరుగెత్తాను. బుద్ధెరిగాక అంత భయం ఎరగను.

సాయంత్రానికి బండి వెళ్లిపోయింది. పక్కవాళ్లకు దుమ్ము తప్ప చుక్క పడలేదు. మా నడిచే బోరు రాతిపొడితో పూడిపోయింది, పాత బోరులో మాత్రం నీళ్లు నిలిచాయి. మూడోనాడు మా అన్న దగ్గర మోటర్ తెచ్చి దించితే పైపు నిండా పోసింది.

"జర మురవకు. గిట్ల లేచినయి కొన్ని దినాలే ఇస్తయి, మళ్ల తగ్గుతయి" అన్నాడు మా ఆయన ఫోన్‌లో. ఈసారి నమ్మాను. అప్పటినుంచి పొద్దున లేవగానే పైపు దగ్గరికి పోయి ధార సన్నబడిందేమోనని చూసేదాన్ని.

వారం తిరక్కుండా పక్క చేను ఆమె వచ్చింది.

"అక్కా, మా పసుపు వాడిపోతున్నది. ఒక్క తడి ఇయ్యరాదే" అంది.

 ఈమెకు ఒక తడి ఇస్తే మాకు మూడోది అందదు.

"మోటర్ ఖరాబైంది చెల్లె" అన్నాను.

ఆమె తన కాళ్ల పక్కనే కాలువలో పారుతున్న మా నీళ్లను కాసేపు చూసి వెళ్లిపోయింది.