ఒలక్కుండా, గడ్డకట్టకుండా

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల దగ్గర, ఈ మధ్యే మిషిగన్‌లో మా ట్రాయ్ ఊరికి వచ్చిన ఒక అమ్మాయి నన్ను పక్కకి పిలిచింది. ఆమె తెచ్చిన సాంబారులో సగం కారు మ్యాట్ మీదే ఉండిపోయింది. "ఆంటీ, నేను గిన్నెకి సీట్‌బెల్ట్ కూడా పెట్టాను. మీ గిన్నె మూత కూడా కదల్లేదు, ఎలా తెచ్చారు?" అంది. గిన్నె నిండా పోయకూడదన్నాను. సీటు మీద కాదు, కింద కాళ్ల దగ్గర పెట్టాలి. పాత తువ్వాలు మెలిపెట్టి చుట్టకుదురులా చుట్టి, అందులో కూర్చోబెట్టాలి. "మీ అమ్మగారు నేర్పించారా?" అని అడిగింది. అవునన్నాను. అది సగమే నిజం. చుట్టకుదురు మా అమ్మదే. మిగతాదంతా నేను నేర్చుకున్నది సాంబారుతో కాదు, బతికున్న ఎర చేపలతో. అది అన్నాల దగ్గర చెప్పే సంగతి కాదని ఊరుకున్నాను.

మా ఆయన కార్ల కంపెనీలో ఇంజన్లు వేడెక్కకుండా చూసే విభాగంలో పనిచేసేవారు. జనవరిలో సరస్సులు గడ్డకట్టగానే శనివారం పొద్దున్నే ఉత్తరంగా గంట దూరం వెళ్లి, ఐసుకి రంధ్రం తొలిచి, చిన్న గుడారంలో ముక్కాలిపీట మీద కూర్చుని చేపలు పట్టేవారు. మేమిద్దరం బాపట్ల వైపు వాళ్లం. "సముద్రం పక్కన పుట్టి ఐసుకి బొక్క పెట్టుకోవడం ఏంటి బ్రదర్?" అని సంఘంలో మగవాళ్లు వేళాకోళం చేసేవారు. "అక్కడ చేప మన గుమ్మంలోకొస్తుంది. ఇక్కడ మనమే వాటి గుమ్మంలోకెళ్లాలి, అది మర్యాద" అనేవారు ఆయన. చేప దొరికిందా లేదా అన్నది ఆయనకి పెద్ద విషయం కాదు. ఎరని ప్రాణాలతో అక్కడిదాకా తీసుకెళ్లడమే విషయం. వేలెడంత చేపలవి. మొదటి ఏడాది ఇంటి కుళాయి నీళ్లలో పోశారు. ఆ నీళ్లలో కలిపే మందు మనకి మంచిదే, వాటికి కాదు. సరస్సు చేరేసరికి అన్నీ వెల్లకిలా తేలాయి. అప్పటినుంచి ఎర అమ్మే దుకాణం నీళ్లే. బకెట్‌లో బకెట్, మధ్యలో థర్మోకోల్ ముక్కలు, నీళ్లలోకి బుడగలు వదిలే చిన్న మోటారు. దాని బ్యాటరీ చలికి నీరసపడకుండా చొక్కా లోపలి జేబులో పెట్టుకునేవారు. ఇంత చేసిన మనిషి ఒకసారి మలుపులో బకెట్ బోర్లించారు. ఆ నీచు వాసనకి మే నెల దాకా నేను ఆ కారెక్కలేదు. తర్వాత చుట్టకుదురు చేసిచ్చింది నేనే. "ముప్పై ఏళ్ల ఇంజనీరింగ్‌లో ఇది నాకెవరూ చెప్పలేదే" అని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

మూడేళ్ల కిందట ఆయనకి జబ్బు చేసింది. ఎక్కించిన మందుల్లో ఒకటి చల్లదనాన్ని తాకనివ్వదు. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే వేళ్లలో సూదులు దిగేవి. చల్లని నీళ్లు మింగితే గొంతు పట్టేసేది. దీన్ని దేనితోనో పోల్చి చెప్పడం నాకిష్టం లేదు. జరిగింది అదే, అంతే. ఫిబ్రవరి చివర డాక్టరు మందుకి మూడు వారాల విరామం ఇచ్చారు. సరస్సు మీద ఐసు ఇంకో వారమో పది రోజులో నిలుస్తుందని ఫోన్‌లో చూసి చెప్పి, "ఒక్క పొద్దుట వెళ్లొద్దాం. బకెట్ నువ్వు చూసుకో, మిగతాది నేను చూసుకుంటా" అన్నారు. మిగతాది కూడా ఆయన చూసుకోలేరని ఇద్దరికీ తెలుసు. వచ్చే చలికాలం అన్న మాట మా ఇంట్లో అప్పటికే ఎవరూ ఎత్తడం లేదు. చికాగో నుంచి మా అమ్మాయి ఫోన్‌లో కేకలేసింది. "మమ్మీ, ఆర్ యూ సీరియస్? డాడీకి కోల్డ్ పడదు కదా!" పడదన్నాను. అయినా వెళ్తామన్నాను.

అంతవరకు నేనెప్పుడూ సరస్సుకి వెళ్లలేదు. దుకాణంలో పెద్దావిడ మూడు డజన్ల చేపలు పోసిచ్చింది. బకెట్‌ని చుట్టకుదురులో కుదురుగా కూర్చోబెట్టి, ఆయన కాళ్ల దగ్గరే పెట్టి, హీటర్ గాలి పూర్తిగా అటే తిప్పాను. ఆయనకి వెచ్చదనం కావాలి, వాటికీ కావాలనుకున్నాను. చలిలోకి ఎవరిని తీసుకెళ్తున్నా ముందు వాళ్లకి చలేస్తుందేమో అనే కదా మనకి తోస్తుంది. ఇరవై నిమిషాలయ్యాక ఆయన మూత ఎత్తి చూశారు.

"ఇదిగో, ఇవన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి."

"చలికేమోనండీ. ఇంకొంచెం పెంచనా?"

ఆయన నవ్వారు. ఆ నవ్వు విని చాలా రోజులైంది. "పెంచితే పులుసు పెట్టుకోవచ్చు. వాటికి కావలసింది వేడి కాదు, ఊపిరి. నీళ్లు వేడెక్కితే అందులో గాలి నిలవదు." అని హీటర్ ఆపేశారు. రెండు నిమిషాల్లో ఆయన వేళ్లు కొంకర్లు పోవడం మొదలైంది. నేను వేశాను. ఆయన మళ్లీ ఆపారు. "ఎర చచ్చాక వెళ్లడం ఎందుకు?" అన్నారు. "మరి మీరు..." అన్నాను.

పెట్రోల్ బంకులో ఆపాను. బకెట్‌ని మా మినీవ్యాన్ చివరికి తీసుకెళ్లాను. ముందు సీట్లకీ వెనక భాగానికీ మధ్య రజాయి వేలాడదీసి, దాని కొసలు రెండు తలుపుల్లో ఇరికించాను. వెనక అద్దం అంగుళం దించాను. నీళ్లలో మంచు వేయబోతే ఆయన ఆపారు. "ఒక్కసారిగా కాదు, మెల్లగా చల్లబడనీ. మనుషులైనా అంతే." అప్పటికే చచ్చిన పదకొండింటిని, గారెలు తీసే చిల్లుల గరిటెతో ఏరి పారేశాను. మళ్లీ బయలుదేరాక ఆయన రజాయి వైపు చూసి, "ముందు బాపట్ల, వెనక మిషిగన్" అన్నారు. మిగతావన్నీ బతికాయి.

సరస్సు మీద పక్క గుడారంలో ఉన్న పెద్దాయన వచ్చి మాకు ఐసుకి రంధ్రం తొలిచిపెట్టాడు. ఆయన్ని గుడారంలో గ్యాస్ హీటర్ పక్కన దుప్పట్లలో కూర్చోబెట్టాను. అక్కడ కష్టం తారుమారైంది. వేడికి చావని చేపలు ఇప్పుడు గడ్డకట్టకుండా చూడాలి. బకెట్‌ని ఐసు మీద నేరుగా ఆననివ్వకుండా కింద థర్మోకోల్ పలక వేసి, గుడారం గుమ్మంలో పెట్టాను. నీటి మీద పాలమీగడలా పొర కట్టినప్పుడల్లా గరిటెతో తట్టి చెదరగొట్టాను. చేపని గాలం ముల్లుకి గుచ్చడం మాత్రం నావల్ల కాలేదు. రెండు జారిపోయాయి. "వీపు రెక్క కింద, పైపైన. వెన్నుకి తగలకూడదు. అది ఇంకా ఈదాలి" అని ఆయన చెబుతుంటే మూడోదానికి కుదిరింది. అప్పటికి నా చేతులు నావి కాకుండా పోయాయి. చలికాలం బయటి నుంచి వస్తే నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని రుద్దడం ఆయనకి అలవాటు. అలవాటుగానే అందుకున్నారు, తగలగానే నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నారు.  తర్వాత మెడలో మఫ్లర్ తీసి, నా చేతుల చుట్టూ మూడు చుట్లు చుట్టి, ఆ ఉన్ని పైనుంచి పట్టుకున్నారు. "సారీ" అన్నారు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ మాట వాడాల్సిన సందర్భాలు చాలానే వచ్చాయి, ఎప్పుడూ వాడలేదు. అవసరం లేనిచోట వాడారు.

మధ్యాహ్నం లోపు అరచేయంత పెర్చ్ చేప ఒకటి పడింది. దాన్ని తిరిగి నీళ్లలోకి వదలమన్నారు. మిగిలిన ఎరని మాత్రం సరస్సులో పోయకూడదు, అక్కడి నియమం. ఆ పక్క గుడారం పెద్దాయనకే ఇచ్చేసి, బకెట్‌లో నీళ్లు ఒడ్డున దూరంగా మంచులో పారబోశాను.

తిరుగు దారిలో ఆయన నిద్రపోయారు. వెనక ఉన్నది ఖాళీ బకెట్, ఒలకడానికి ఏమీ లేదు. అయినా నేను కుడి పక్క లేన్‌లో నలభై మైళ్లు దాటకుండా నడిపాను. అందరూ మమ్మల్ని దాటుకుని పోయారు. ఒకసారి కళ్లు తెరిచి, "ఇంకా ఎందుకు ఇంత మెల్లగా?" అన్నారు. రోడ్డు జారుతోందన్నాను. రోడ్డు ఎండి ఉంది, అది ఆయనకీ కనిపిస్తూనే ఉంది. సరే అన్నట్టు తలూపి మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఆ మే నెలలోనే ఆయన పోయారు. సరస్సు నుంచి వచ్చిన ఆ వేళ, గంట పట్టే దారికి నాకు గంటా ముప్పావు పట్టింది. కాలాన్ని అంతకంటే సాగదీయడం నాకు చేతకాలేదు.