అక్క దాచుకున్న జబ్బు

మల్కాజ్‌గిరిలో మా పక్కింట్లో బ్లౌజులు కుట్టే అక్క పోయిన మంగళవారం ఉదయం చనిపోయింది. ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు ఫిట్స్ వచ్చాయి. మేము తలుపు తోసుకుని వెళ్లేసరికే ఊపిరి లేదు.

మూడేళ్ల కింద మా పాప వీధిలో పడి కొట్టుకుంటుంటే ఒకరు దాని గుప్పిట్లో తాళంచెవులు పెట్టారు, ఇంకొకరు చెంచా పట్టుకొచ్చారు. నేను అరుస్తూ నిలబడ్డాను. అక్క మిషన్ వదిలి పరుగెత్తుకొచ్చింది.

"నోట్లె ఏం పెట్టకుండ్రి! గట్టిగ పట్టుకోకుండ్రి!" అంటూ అందరినీ నెట్టి, పాపను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద చున్నీ మడిచి పెట్టింది. "టైం చూడు చెల్లే. ఐదు నిమిషాలు దాటితే దవాఖానకు ఉరుకుదాం."

రెండు నిమిషాలకు కొట్టుకోవడం ఆగింది. గాలి సోకిందని నేను తాయెత్తుకు బయలుదేరితే చెయ్యి పట్టుకుంది. "నాకు సుత చిన్నప్పటి సంది ఉన్నది. మెదడుల తక్లీఫ్ ఇది, దయ్యం గియ్యం కాదు." మర్నాడు తనే నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

రోజూ ఎనిమిదింటికి గోడ తట్టి, "గోలీ ఏసుకున్నవా బిడ్డా?" అని అడిగేది. ఏడాదిగా ఫిట్స్ రాలేదు కదా, ఆపేద్దామని నేనంటే కోప్పడింది. "ఏసుకుంటున్నం కాబట్టే వస్తలేవు. డాక్టర్ చెప్పేదాక ఒక్క పూట సుత ఇడవద్దు."

అలాంటి మనిషి, తమ్ముడి కూతురి నిశ్చితార్థానికి వరంగల్ వెళ్తూ గోలీలు ఇంట్లోనే వదిలేసింది. మరిచిపోయి కాదు. పెళ్లివారు చూస్తే పిల్ల సంబంధం చెడుతుందని. మూడు రోజులు వేసుకోలేదు. తిరిగొచ్చిన సాయంత్రం నాకు చెప్పి, "ఇప్పుడేసుకున్న గదా, ఏం కాదు తీ," అని నవ్వింది. డాక్టరుకు ఫోన్ చేద్దామని నేను ఒక్క మాట అనలేదు. తెల్లారి అక్క లేదు.

నేను మాత్రం ఏం తక్కువ? అక్క ఎంత చెప్పినా బడిలో పాప జబ్బు దాచాను, పక్కన ఎవరూ కూర్చోరేమోనని. నిన్న వెళ్లి జబ్బు సంగతి, ఫిట్స్ వస్తే ఏం చేయాలో టీచరుకు చెప్పేశాను. "నోట్లో ఏమీ పెట్టకూడదా?" అని ఆమె రెండుసార్లు అడిగి రాసుకుంది.

ఇక భయమేస్తే ఎవరిని పిలవాలి? ఈ పొద్దున పాప స్నానానికి వెళ్తే గడియ పెట్టనివ్వలేదు. బయట నిలబడ్డాను. నీళ్ల చప్పుడు ఆగింది.

"బిడ్డా?"

"సబ్బు రుద్దుకుంటున్ననమ్మా."

మళ్లీ నీళ్లు పడ్డాయి. నేను తలుపుకు చెవి ఆనించి అక్కడే ఉన్నాను.